కదలని సైకిలు మీద నలభై కిలోమీటర్లు

తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఒక జిమ్ ఉంది. మేము అక్కడికి లిఫ్టులో పోయి కొండలెక్కేవాళ్ళం. ఆ బిల్డింగుకు మెట్లు కూడా ఉన్నాయి. ఎట్లాగూ ఎవరూ నడవరని వాటి మీద ఖాళీ నీళ్ళ డబ్బాలు పేర్చుకున్నారు.

డాక్టరు నాతో షుగర్ అంచున ఉన్నావు, కాస్త కదులు అన్నాడు. కదలమంటే నేను పోయి కదలని సైకిలు ఎక్కాను. ఆరు నెలలు తొక్కాను. దాన్ని స్పిన్నింగ్ క్లాసు అంటారు. గదిలో ఇరవై సైకిళ్ళు, ఒక్కదానికీ వెనక చక్రం లేదు. ముందర మాత్రం తిరగలి రాయంత ఇనుప చక్రం ఉంటుంది. కిటికీలకు నల్ల కాగితం అంటించి, ఊదా రంగు లైట్లు వేసి, పెళ్ళి బరాత్ వాళ్ళు కూడా తగ్గించమని అడిగేంత గట్టిగా పాటలు పెడతారు. చెవికి మైకు తగిలించుకున్న కోచ్ "ముందు ఘాట్ రోడ్డు వస్తోంది, లేవండి లేవండి!" అని అరుస్తాడు. ముందు ఉన్నది అద్దం. అందులో ఇరవై మంది చెమటలు కక్కుతూ కనిపిస్తారు, ఎక్కడికీ పోకుండా.

పక్క వీధి నుంచి ఒక మేడం కారులో వచ్చేది. ఒకరోజు ఆలస్యమైంది. "పార్కింగ్ దొరకలేదండీ" అంది, ఆయాసపడుతూ. సైకిలు తొక్కడానికి వచ్చి పార్కింగ్ కోసం మూడు చుట్లు తిరిగింది. ఆ మూడు చుట్లు సైకిలు మీద తిరిగి ఉంటే ఆ రోజుకు క్లాసు అయిపోయేదని నేనంటే, "మీరు భలే జోకులేస్తారండీ" అని పక్క సైకిలు ఎక్కింది.

ఆ సైకిలుకు బ్రేకులుండవు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య, సరిగ్గా మోకాళ్ళ నడుమ, ఒక ఎర్రటి నాబ్ ఉంటుంది. కుడికి తిప్పితే తొక్కడం బరువవుతుంది, ఎడమకు తిప్పితే తేలికవుతుంది, కిందికి నొక్కితే చక్రం ఆగుతుంది. కాళ్ళు బిగబట్టి ఆపుదామంటే కుదరదు. ఆ ఇనుప చక్రం మన కాళ్ళనే లాక్కుపోతుంది. తొలిరోజు నేనట్లాగే ఆపబోయి, మరో రెండు నిమిషాలు నాకిష్టం లేకుండా తొక్కాను. అందుకే కోచ్ ఆగాల్సి వచ్చినప్పుడల్లా "స్టాప్ అంటే నాబ్ అండీ, నాబ్!" అని కేకేసేవాడు. అట్లా రోజుకు ముప్పైసార్లు, ఆరు నెలలు.

క్లాసు అయిపోయాక సైకిలు ముందున్న చిన్న తెర మీద లెక్క వచ్చేది. నలభై కిలోమీటర్లు. నలభై రెండు. ఒకసారి నలభై ఆరు. హ్యాండిల్ మీద తువ్వాలు ఎక్కడ వేలాడదీశానో అక్కడే ఉన్నది. నేనూ అక్కడే ఉన్నాను. కానీ మిషన్ మాత్రం నన్ను భువనగిరి దాకా తీసుకుపోయి దింపింది. ముప్పై ఏళ్ళుగా క్యాంపస్ క్యాంటీన్‌లో ముచ్చట్లు చెప్పి నలుగుర్ని కూర్చోబెట్టినవాణ్ణి. నా ఎదురుగా కూర్చుని, ముఖం ఎర్రబడకుండా అంత పెద్ద అబద్ధం చెప్పినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఇక్కడ మా అమ్మాయి గురించి చెప్పాలి. నేను యూనివర్సిటీ ఆఫీసులో ఫైళ్ళు చూస్తాను, తను అదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతుంది. చదువుకునే రోజుల్లో నేను సైకిలు మీద మౌలాలి నుంచి రైలుతో పందెం కట్టి, సికింద్రాబాద్‌కు రైలు కంటే ముందు చేరి, ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగి, ఆ రైల్లో వచ్చిన దోస్తుల సామాను నేనే దించానని అందరికీ చెప్పేవాణ్ణి. జరిగిందేమిటంటే, సిగ్నల్ దగ్గర రైలు ఆగింది, నేను దాన్ని దాటి పోయాను. దాటిన మాట నిజమే కదా. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఈ ముచ్చటను బళ్ళో లేచి నిలబడి చెప్పింది. టీచరు నవ్వింది. టీచరు నవ్వేసరికి క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి, "డాడీ, రైలు నిజంగనే ఓడిపోయిందా?" అని అడిగింది. నేను వెంటనే రెండో రైలు ముచ్చట మొదలుపెట్టాను. అప్పటి నుంచి నేను చెప్పే ఏ అంకెనైనా నాలుగుతో భాగించి వింటుంది. ఎదురు చెప్పదు. "ఆఁ, సరే డాడీ" అంటుంది. ఆ "సరే" వినడం కంటే నాలుగు మాటలు పడడం నయం.

అట్లాంటి పిల్లకు నేను మిషన్ తెర ఫోటో చూపించాను. నలభై ఆరు కిలోమీటర్లు. ఫోన్ చేతిలోకి తీసుకుని వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"గిది నిజమేనా డాడీ?"

"నేను చెప్తలేను బిడ్డా, మిషన్ చెప్తున్నది."

ఆమె భాగించలేదు. నాకు స్పష్టంగా తెలిసింది, ఆ రోజు ఆమె భాగించలేదు. "ఆర్నెల్ల నుంచి రోజూనా? ఏమో అనుకున్న గానీ డాడీ, సూపర్!" అంది. నేను ఆ "సూపర్"ను రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆమెకు ఒక సైకిల్ గ్రూపు ఉంది. ఆదివారం పొద్దున తార్నాక మెట్రో స్టేషన్ కింద కలిసి, క్యాంపస్‌లో రెండు చుట్లు కొట్టి, ఎటైనా దూరం పోయి వస్తారు. ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళను ఎవరైనా తీసుకొస్తే వాళ్ళ పూచీ తీసుకొచ్చినవాళ్ళదే. కొత్తమనిషి వెనకబడితే, పడిపోతే, తీసుకొచ్చినవాళ్ళు ఆగిపోవాలి, మిగతావాళ్ళు సాగిపోతారు. ఆ ఆదివారం హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా పోయి రావాలి. దారి చూసింది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో రాసుకుంది మా అమ్మాయే. మొదటిసారి ఆమె ముందుండి నడిపించే రైడ్ అది. రెండు నెలల నుంచి దాని పని మీదే ఉంది.

"డాడీ వస్తడు, పూచీ నాది" అని గ్రూపులో పెట్టింది. నాకు చూపించింది కూడా. పాతికేళ్ళలో నా మాట మీద మా ఇంట్లో ఎవరైనా అట్లా రాసిచ్చింది అదే మొదలు.

"ఒక్కసారి రోడ్డు మీద తొక్కి చూడు డాడీ. గేర్లుంటయి, అలవాటు కావాలె" అంది శనివారం.

"నలభై కిలోమీటర్లు తొక్కేటోనికి ట్రయలేంది బిడ్డా?" అన్నాను. దీనికి మిషన్‌ను తిట్టలేను. ఇది నాదే.

ఆదివారం పొద్దున పన్నెండు మందిమి బయలుదేరాం. నాకు మా అమ్మాయి స్నేహితురాలి సైకిలు. మొదటి అర కిలోమీటరు నేను గొప్పగా ఉన్నాను, అది ఒప్పుకోవాలి. ఆర్ట్స్ కాలేజీ వైపు ఎత్తు ఎక్కుతుంటే పక్కనున్న పిల్లలు నోళ్ళు తెరిచి గాలి పీలుస్తున్నారు, నేను తీరిగ్గా వాళ్ళకు ముచ్చట చెప్తున్నాను. ఆరు నెలల కిందటైతే ఆ ఎత్తు మీద నేను చాయ్ కోసం ఆగేవాణ్ణి. ఛాతీ బాగుపడింది, అబద్ధం కాదు.

బాగుపడింది అదొక్కటే. ఆ ఇనుప చక్రం ఒకసారి తిరగడం మొదలుపెడితే సగం పని అదే చేస్తుంది, మన కాలు ఊరికే దాని వెంట పోతుంది. ఇక్కడ పెడల్‌ను పైనుంచి కిందికి, మళ్ళీ పైకి, మొత్తం నేనే తిప్పాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సైకిలును నేలకు బోల్టులు వేసి బిగించారు. ఇది అట్లా కాదు, నేను ఎటు చూస్తే అటు పోతుంది. క్లాసులో పాట ఊపందుకోగానే సీటు మీంచి లేచి తొక్కేవాళ్ళం. ఇక్కడ లేచాను, సైకిలు నా కింద నుంచి ఎడమకు పోయింది, నేను కుడికి పోయాను. వెనక ఆటో హారన్ కొడితే తల తిప్పి చూశాను, తలతో పాటు సైకిలు కూడా తిరిగి చూసింది. చేయి చాపి మలుపు చూపించమని మా అమ్మాయి వెనక నుంచి అరిచింది. నా చేయి హ్యాండిల్‌ను వదలనంది.

అప్పుడే హాస్టల్ మెస్‌కు కూరగాయలు తెచ్చే ఆయన నన్ను దాటిపోయాడు. వారాసిగూడ నుంచి రోజూ వస్తాడు. గేర్లు లేని పాత సైకిలు, వెనక క్యారియర్ మీద గోబీ పూల మూట, హ్యాండిల్‌కు రెండు వైపులా కొత్తిమీర సంచులు, నోట్లో బీడీ. ఆయనకు నాకంటే పదేళ్ళు ఎక్కువుంటాయి. పక్కకొచ్చి నా చక్రాల వైపు జాలిగా చూశాడు.

"సారూ, టైర్ల గాలి తక్కువున్నదా ఏంది?"

"లేదే, బానే ఉన్నది."

"మరి గట్ల ఊగుతున్నరేంది?" అని, జవాబు కోసం ఆగకుండా, బీడీ కూడా తీయకుండా ముందుకు పోయాడు. కొత్తిమీర వాసన మాత్రం కాసేపు ఉంది.

రెండో చుట్టులో హాస్టళ్ళ వెనక దిగుడు రోడ్డు వచ్చింది. కింద మలుపులో చెత్త ట్రాలీ అడ్డంగా ఆగి ఉంది. అందరూ కాళ్ళు ఆపి, బ్రేకు పట్టి, మెల్లగా దిగుతున్నారు. నేను మాత్రం తొక్కుతూనే ఉన్నాను. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చక్రం తిరుగుతుండగా నా కాళ్ళకు ఆగే అవకాశం రాలేదు కదా, అట్లా ఆగొచ్చని వాటికి తెలియదు. ట్రాలీ పెద్దదవుతోంది. ఆగాలి అనుకున్నాను. ఆగాలి అనుకోగానే నా కుడిచేయి హ్యాండిల్ వదిలి, మోకాళ్ళ మధ్యకు పోయి, నాబ్ కోసం వెతికింది.

అక్కడ నాబ్ లేదు, ఇనుప గొట్టం ఉంది. దాన్ని అరచేత్తో గట్టిగా నొక్కాను. ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. రెండు బ్రేకులూ హ్యాండిల్ మీద ఖాళీగా ఉన్నాయి, ఒకటి నా ఎడమచేతి వేళ్ళ కిందే. సైకిలు ఒంటిచేతి మీద రెండుసార్లు ఊగి, ట్రాలీని వదిలిపెట్టి, రోడ్డు పక్కన తుమ్మకంపలోకి నన్ను తీసుకుపోయింది.

ఏమీ విరగలేదు. మోచేయి, మోకాలు దోక్కుపోయాయి, చొక్కా కంపకే వదిలేయాల్సి వచ్చింది. పిల్లలంతా సైకిళ్ళు పడేసి పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది అంకుల్? ఏమైంది?"

నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది. "నెమలి..." అన్నాను. "ఇంత నెమలి, పక్కకెళ్ళి ఒక్కసారే..." నా చేతులు రెండూ అప్పటికే నెమలి పొడవు చూపిస్తున్నాయి. అందరి వెనక మా అమ్మాయి నిలబడి ఉంది. దిగుడంతా నా వెనకే వచ్చింది, మొత్తం చూసింది. నేను చేతులు దించాను.

ఆమె తన సైకిలు హ్యాండిల్‌కు బిగించుకున్న దారి కాగితం తీసి, పక్కనున్న అబ్బాయికి ఇచ్చింది. "ఉప్పల్ దాటినంక రెండో పంపు కాడ ఆగుండ్రి. నీళ్ళు గాడ మంచిగుంటయి" అంది.

"నువ్వు రావా? అంకుల్‌ను ఆటోలో పంపిద్దాం" అన్నాడతను.

"పూచీ నాదన్న కదా. మీరు పోండ్రి."

పదిమంది వెళ్ళిపోయారు. మేమిద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ తార్నాక వైపు వచ్చాం. ముఖానికి ఎండ కొడుతోంది. క్యాంపస్ గేటు దాటాక ఆమె నా కుడిచేతి వైపు చూసింది.

"చెయ్యి కిందికి వెట్టి ఏం వెతికినవ్?"

"నాబ్."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నలభై ఆరు కిలోమీటర్లు. ఈసారి దేనితోని భాగించాలె డాడీ?"

నేను హ్యాండిల్ మీది బ్రేకును రెండుసార్లు పట్టి వదిలాను.

సోమవారం మోచేతికి పట్టీతో క్లాసుకు పోయాను, తొక్కడానికి కాదు. ఆదివారం రైడ్‌కు పోతున్నానని ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, కోచ్ నన్ను చూడగానే పాట ఆపేశాడు. "మన క్లాసు నుంచి అవుట్‌డోర్ వెళ్ళిన ఫస్ట్ మెంబర్ మీరేనండీ! ఒక వీడియో చేద్దాం సార్. మన స్పిన్నింగ్ రోడ్డు మీద ఎంత హెల్ప్ అయిందో మీ మాటల్లో చెప్పండి. మీరైతే బాగా చెప్తారు." మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. ఇరవై మంది సైకిళ్ళ మీద నుంచే నా వైపు తిరిగారు. ఫోన్ నా ముఖం మీద పెట్టాడు.

నేను చెప్పాను. ఒక్క అంకె కూడా పెంచకుండా చెప్పాను. "దమ్ము పెరిగింది. ఎత్తు మీద ఆయాసం రాలేదు. అది ఈ గదిలో తొక్కినందుకే, కాదనను. కాళ్ళకు సగం లాభం. ఇక చేతులకు, కళ్ళకు, నడుముకు, రోడ్డుకు ఇది పైసా పనికిరాదు. మలుపు నేర్పదు, గాలిని చూపించదు, గతుకు తెలియదు. పైగా లేని అలవాటు ఒకటి నేర్పింది. బ్రేకు పట్టాల్సిన చెయ్యి నాబ్ వెతికింది. నేను కంపల పడ్డ. నెమలి ఏమీ రాలేదు. రోడ్డు మీద తొక్కాలనుకునేటోడు వారంలో రెండు రోజులన్నా రోడ్డు మీదే తొక్కాలె. ఇక్కడ నలభై ఆరు అని మిషన్ చెప్తే నమ్మకండ్రి. నేను నమ్మిన, నా బిడ్డను నమ్మిచ్చిన. ఆమె రైడ్ పోయింది."

కారు మేడం అంది, "అయినా బయట దుమ్మండీ. కుక్కలు. ఇక్కడ ఏసీ ఉంది కదా."

"ఉన్నది మేడం. ఏసీకి మంచి ఫిట్‌నెస్ వచ్చింది. మనకే రావాలె" అన్నాను. కోచ్ ఫోన్ దించి, "సూపర్ సార్, చాలా జెన్యూన్‌గా చెప్పారు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బుధవారం జిమ్ వాళ్ళు వీడియో పెట్టారు. ఎనిమిది సెకండ్లు. నా ముఖం చుట్టూ మంటలు ఎగుస్తున్నాయి, వెనక డప్పు కొడుతోంది. నేను "దమ్ము పెరిగింది, ఎత్తు మీద ఆయాసం రాలేదు, ఈ గదిలో తొక్కినందుకే!" అంటాను. తర్వాత ముగ్గురు కండలవాళ్ళు చప్పట్లు కొడతారు. వాళ్ళు ఆ రోజు గదిలో లేనే లేరు. కింద పెద్ద అక్షరాలతో రాశారు: ఇక్కడ తొక్కండి, ఎక్కడైనా తొక్కండి. బతుకంతా నేను లేనివి కలిపి చెప్పినవాణ్ణి. ఉన్నవి తీసేసి కూడా అబద్ధం చెప్పొచ్చని, అది ఇంకా తక్కువ కష్టమని, నాకు ఆ కుర్రాడు నేర్పాడు. వాడికి నేను దండం పెట్టాలి, రెండు చేతులూ బాగయ్యాక.

సాయంత్రానికి ఆ వీడియో మా అమ్మాయి సైకిల్ గ్రూపుకు చేరింది. ఎవరో కింద "కంపలో కూడా ఆయాసం రాలేదా అంకుల్" అని రాశారు. ఆమె ఇంటికొచ్చేసరికి నేను గుమ్మం మెట్టు మీద కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్నాను. వీధి మొదట్లో ఆమెను చూశాను. సైకిలు గోడకు ఆనించి, ఫోన్ నా ముందు పెట్టింది. మంటలు, డప్పు, చప్పట్లు. అయిపోయింది. మళ్ళీ పెట్టింది. నేను అది నేను కాదని గానీ, నేనట్లా అనలేదని గానీ చెప్పదలచుకోలేదు. ముఖం నాది, మాటలు నావి. ఆదివారం నెమలి తర్వాత, నేను ఇంకేదో చెప్పానంటే ఎందుకు నమ్మాలి?

"ఎనిమిది సెకండ్లున్నది" అంది.

"ఉంటది."

"నేను పుట్టినప్పటి సంది నువ్వు ఏ ముచ్చటన్నా ఎనిమిది సెకండ్లల్ల చెప్పినవా?" నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "మిగిలింది ఏడవోయింది డాడీ?"

"కోసిండ్రు."

"అదే అనుకున్న. ఏం చెప్పినవ్ గాడ? మొదటికెళ్ళి చెప్పు." ఫోన్ తిప్పి, నా వైపు పట్టుకుంది. "నేను కొయ్యను. మొత్తం గ్రూపుల పెడ్త."

నేను గొంతు సవరించుకున్నాను. మందు చేతిని పంచెకు తుడుచుకున్నాను. కూరగాయల ఆయన దగ్గర మొదలుపెట్టి, ట్రాలీ, నాబ్, కంప, అన్నీ వరుసగా చెప్పాను. నెమలి లేదని కూడా చెప్పాను, నెమలి అని నేనే అన్నానని కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"గోబీ మూట ఎంతుంటది?"

నా చేతులు లేచాయి. కొంచెం దగ్గరికి జరిపాను. ఆమె చూస్తోంది. ఇంకొంచెం జరిపాను.

"ఇంత" అన్నాను.

"ఆఁ. చెప్పు" అంది.